ట్విన్‌సెట్టా, రీబ్రీదరా? లోతు ఓడలకు దిగేముందు తేల్చుకోవాల్సినవి

మొన్నామధ్య విశాఖ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. రుషికొండలో స్కూబా మొదలుపెట్టి, అండమాన్‌లో డీప్ కోర్సు చేసి, ఇప్పుడు ట్విన్‌సెట్ (వీపు మీద జంట సిలిండర్లు) మీద డీకో (పైకి వచ్చేటప్పుడు మధ్యమధ్య ఆగుతూ రావడం), ట్రైమిక్స్ (ఆక్సిజన్, నత్రజని, హీలియం కలిపిన గ్యాస్) కోర్సుల దాకా వచ్చినవాడు. “అన్నా, రెండేళ్ళ బోనస్ దాచాను. రీబ్రీదర్ కొనేద్దామనుకుంటున్నా. ఏది తీసుకోమంటావు?”

రీబ్రీదర్ అంటే వదిలిన ఊపిరినే శుభ్రం చేసి మళ్ళీ పీల్చుకోనిచ్చే పరికరం. మునిగిన ఓడల్లో ఏ ఓడ కోసం అని అడిగాను.

“ముందు హెర్మీస్. ఎప్పటికైనా బ్రిటానిక్.”

రెండు పేర్లూ ఒకే గుక్కలో అనేశాడు. ఒకటి 53 మీటర్ల లోతులో ఉంది, రెండోది 120 మీటర్లలో. మొదటిదానికి రీబ్రీదర్ ఉంటే బాగుంటుంది. రెండోదానికి అది లేకుండా వెళ్ళడం ఇప్పుడు దాదాపు ఎవరూ చేయరు. ఈ రెండింటి మధ్య ఎక్కడో ఆగి, డబ్బు ఎటు పెట్టాలా అని తలపట్టుకున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఏ యూనిట్ గొప్పదన్న చర్చ నాకు పెద్దగా పట్టదు. అది మధ్యలో మొరాయిస్తే మీరు పైకి ఎలా వస్తారన్నది ముందు తేలితే, మిగతావన్నీ వాటంతటవే తేలతాయి.

ముందు ఓడ, తర్వాత పరికరం

హెర్మీస్ బ్రిటిష్ విమానవాహక నౌక. 1942 ఏప్రిల్ 9న జపాన్ విమానాలు దాన్ని శ్రీలంక తూర్పు తీరంలో బట్టికలోవా దగ్గర ముంచేశాయి. 307 మంది పోయారు. దానికి మూడు రోజుల ముందు, ఏప్రిల్ 6న, అదే దాడుల్లో భాగంగా విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. మా ఊళ్ళో పెద్దవాళ్ళు “జపానోడి బాంబులు” అని చెప్పుకునేది ఆ వారం గురించే. అందుకే హెర్మీస్ పక్కన మొదటిసారి దిగినప్పుడు అది పరాయి ఓడలా అనిపించలేదు నాకు. నీళ్ళు వెచ్చన, సీజన్ సుమారు ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా. మనకి అందుబాటులో ఉన్న అసలైన లోతు ఓడ ఇదే.

ఆండ్రియా డోరియా సంగతి అమెరికా తూర్పు తీరంలో ఉండే మనవాళ్ళకి. 1956 జులై 25 రాత్రి స్టాక్‌హోమ్ అనే ఓడ ఢీకొట్టింది, మర్నాడు ఉదయం మునిగింది. నాన్‌టకెట్‌కి దక్షిణాన సుమారు 75 మీటర్ల లోతు. చల్లటి నీళ్ళు, ప్రవాహం, ఓడకి చుట్టుకున్న వలలు, ఏటేటా కూలిపోతున్న లోపలి గోడలు. అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్న డైవర్లు పదిహేను మందికి పైనే.

బ్రిటానిక్ టైటానిక్‌కి చెల్లెలు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆసుపత్రి ఓడగా తిరుగుతూ, 1916 నవంబర్ 21న గ్రీస్‌లోని కేయా ద్వీపం దగ్గర మైన్ తగిలి 55 నిమిషాల్లో మునిగిపోయింది. 269 మీటర్ల పొడవు, పక్కకి పడుకుని ఉంది. గ్రీకు ప్రభుత్వ అనుమతి లేకుండా దిగడానికి వీల్లేదు. 2025 మేలో 11 మంది డైవర్ల బృందం రీబ్రీదర్లతో దిగి దాని గంటనీ, ఒక నావిగేషన్ దీపాన్నీ, మరికొన్ని వస్తువుల్నీ పైకి తెచ్చింది.

“మరి మన విశాఖ ముందే ఘాజీ ఉందిగా?” అని అడుగుతారు. 1971 డిసెంబర్‌లో మునిగిన ఆ పాకిస్తాన్ సబ్‌మెరైన్ సిబ్బందికి అది సమాధి. మన నౌకాదళం కూడా దాన్ని అలాగే చూస్తుంది. మనం వెళ్ళే చోటు కాదది.

ఇప్పుడు లెక్క. ఉపరితలంలో నిమిషానికి 20 లీటర్లు పీల్చే మామూలు డైవర్‌ని తీసుకుందాం. భుజాల మీద రెండు 12 లీటర్ల సిలిండర్లు, 200 బార్లు, అంటే 4,800 లీటర్ల గ్యాస్. మూడో వంతు అత్యవసరానికి వదిలేస్తే వాడుకోగలిగేది 3,200. సిలిండర్ గ్యాస్ పీల్చి నీళ్ళలోకి వదిలేసే ఈ మామూలు పద్ధతినే ఓపెన్ సర్క్యూట్ అంటారు.

| | హెర్మీస్ | ఆండ్రియా డోరియా | బ్రిటానిక్ |
|---|---|---|---|
| లోతు | 53 మీ. | 75 మీ. | 120 మీ. |
| ఒత్తిడి | 6.3 బార్లు | 8.5 బార్లు | 13 బార్లు |
| ఓపెన్ సర్క్యూట్‌లో నిమిషానికి గ్యాస్ | 126 లీటర్లు | 170 లీటర్లు | 260 లీటర్లు |
| ట్విన్‌సెట్‌తో దొరికే సమయం | సుమారు 25 నిమిషాలు | సుమారు 19 నిమిషాలు | సుమారు 12 నిమిషాలు |
| రీబ్రీదర్‌లో నిమిషానికి ఆక్సిజన్ | సుమారు 1 లీటరు | సుమారు 1 లీటరు | సుమారు 1 లీటరు |

ఆ చివరి వరస చూసే అందరూ పడిపోతారు. ఓపెన్ సర్క్యూట్‌లో వదిలిన ఊపిరి బుడగలై పోతుంది. రీబ్రీదర్‌లో అదే ఊపిరి గొట్టాల్లో తిరిగి, సోడాలైమ్ గుళికల మధ్య నుంచి వెళ్ళి, కార్బన్ డయాక్సైడ్ అక్కడ వదిలేసి, శరీరం ఖర్చు చేసిన కాస్త ఆక్సిజన్ కలుపుకుని మళ్ళీ నోటికి వస్తుంది. ఎంత లోతుకి వెళ్ళినా శరీరానికి కావాల్సిన ఆక్సిజన్ మారదు కాబట్టి ఆ ఒక్క లీటరూ మారదు. మూడు లీటర్ల చిన్న సిలిండర్‌లో 600 లీటర్ల ఆక్సిజన్ పడుతుంది. అంటే ఆక్సిజన్ అయిపోతుందన్న భయం ఉండదు. అయిపోయేది ఇంకోటి.

దేన్ని బట్టి పోల్చాలి

నేను ఐదు చూస్తాను: పరికరం పాడైతే పైకి రావడానికి గ్యాస్ ఉందా, పీల్చే గ్యాస్ ఎంత బరువు, తప్పు జరిగినప్పుడు మనకి తెలుస్తుందా, ఏడాదికి ఎన్ని రోజులు నీళ్ళలో ఉంటాం, వెళ్ళే ఊళ్ళో హీలియం, ఆక్సిజన్, సోడాలైమ్ దొరుకుతాయా. వీటిలో మొదటిదానికి నేను సగం మార్కులు ఇస్తాను. రెండోదాన్ని మాత్రం చాలామంది అసలు లెక్కలోకే తీసుకోరు, అందుకే అక్కడ కొంచెం ఆగుతాను.

లోతుకి వెళ్ళే కొద్దీ గ్యాస్ చిక్కబడుతుంది. లీటరుకి 5.2 గ్రాముల లోపు ఉంచుకోమని, 6.2 దాటొద్దని డైవింగ్ వైద్య పరిశోధకులు చెబుతారు. హెర్మీస్ లోతులో మామూలు గాలి లీటరుకి సుమారు 8 గ్రాములు తూగుతుంది. గాలితోనే అక్కడికి దిగి వచ్చినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, నాకు తెలుసు. నత్రజని మత్తులో సగం డైవ్ గుర్తుండదు, అది ఒక ఎత్తు. అంత చిక్కటి గ్యాస్‌ని ఊపిరితిత్తులు లోపలికీ బయటికీ తిప్పలేకపోతే కార్బన్ డయాక్సైడ్ శరీరంలోనే పేరుకుంటుంది, అది ఇంకో ఎత్తు. 18 శాతం ఆక్సిజన్, 45 శాతం హీలియం ఉన్న ట్రైమిక్స్ అదే లోతులో 5 గ్రాములే. బ్రిటానిక్ దగ్గర 10/70 మిశ్రమం (10 శాతం ఆక్సిజన్, 70 శాతం హీలియం) కూడా 6.7 అవుతుంది. 8/80కి వెళ్తే 5.3కి దిగుతుంది.

రీబ్రీదర్‌లో ఈ సంగతి ఇంకా ముఖ్యం. ఓపెన్ సర్క్యూట్‌లో రెగ్యులేటర్ గ్యాస్‌ని మీ నోట్లోకి తోస్తుంది. రీబ్రీదర్‌లో గ్యాస్‌ని గొట్టాల్లోంచీ గుళికల్లోంచీ తిప్పేది మీ ఊపిరితిత్తులే. 2005 జనవరిలో దక్షిణాఫ్రికాలోని బుష్‌మన్స్ హోల్ గుహలో, 270 మీటర్ల లోతున, డేవిడ్ షా చనిపోయింది ఇలాగే. యూనిట్ పనిచేస్తూనే ఉంది. శ్రమ పెరిగింది, చిక్కటి గ్యాస్‌ని తగినంత తిప్పలేక కార్బన్ డయాక్సైడ్ పేరుకుంది.

మొదటి దారి: ట్విన్‌సెట్, ట్రైమిక్స్

దీనికున్న పెద్ద సుగుణం నిజాయితీ. గ్యాస్ ఉంటే వస్తుంది, లేకపోతే రాదు. రెగ్యులేటర్ పాడైతే చెవి పక్కనే బుసకొడుతుంది. నోట్లోకి వచ్చే మిశ్రమం పొద్దున్న మీరు ఎనలైజర్‌తో కొలిచి సిలిండర్ మీద టేపు అంటించిన మిశ్రమమే, మధ్యలో మారదు. ఆరు నెలల తర్వాత తీసినా చేతులు మర్చిపోవు.

కష్టం హీలియంతో. హెర్మీస్‌కి ఒక ట్విన్‌సెట్ నింపాలంటే 4,800 లీటర్లలో 45 శాతం, అంటే సుమారు 2,160 లీటర్ల హీలియం. మర్నాడు డైవ్‌కి మళ్ళీ అంతే. రీబ్రీదర్ వాడేవాడికి మూడు లీటర్ల డైల్యూయెంట్ (ఆక్సిజన్‌ని పలుచన చేసే గ్యాస్) సిలిండర్‌కి 270 లీటర్లు చాలు, అది కూడా పూర్తిగా ఖర్చు కాదు. బెయిలవుట్ సిలిండర్లు (యూనిట్ పాడైతే పీల్చడానికి విడిగా మోసేవి) ఒకసారి నింపితే, వాడాల్సిన అవసరం రాకపోతే, ట్రిప్పంతా అవే. హీలియం మన దేశానికి దిగుమతి సరుకు. శ్రీలంకలోనూ చవక కాదు. వారం రోజుల్లో ఐదారు డైవ్‌లు చేసేవాడికి ఈ తేడా గట్టిగానే తగులుతుంది.

ఇంకో చిన్న సంగతి. ఓడ లోపలికి వెళ్ళినప్పుడు మీ బుడగలు పైకప్పుకి కొట్టుకుని తుప్పు పొరల్ని రాల్చేస్తాయి. వెళ్ళేటప్పుడు అద్దంలా ఉన్న గది తిరిగి వచ్చేటప్పుడు టీ రంగులో ఉంటుంది. రీబ్రీదర్‌తో ఈ బాధ తక్కువ.

1990ల చివర్లో బ్రిటానిక్ యాత్రల్లో చాలామంది ఓపెన్ సర్క్యూట్‌తోనే దిగారు. సిలిండర్ల మీద సిలిండర్లు తగిలించుకుని, మధ్య లోతుల్లో సహాయక డైవర్లని పెట్టుకుని చేశారు. చేయగలమా అంటే చేయగలం. కానీ 20 నిమిషాలకి అడుగు గ్యాసే 5,200 లీటర్లు, రిజర్వ్ కలిపితే 7,800. అంత బరువు మోస్తూ ఈదితే ఊపిరి ఖర్చు ఇంకా పెరుగుతుంది.

రెండో దారి: ఎలక్ట్రానిక్ రీబ్రీదర్, వీపు మీద

ఏపీ డైవింగ్ వారి ఇన్‌స్పిరేషన్, డెన్మార్క్ జేజే, చెక్ దేశపు లిబర్టీ లాంటివి. మూడు సెన్సర్లు (వీటినే సెల్స్ అంటారు) ఆక్సిజన్ పీడనాన్ని కొలుస్తాయి, కంప్యూటర్ వాటిని చూసుకుని సోలనాయిడ్‌తో (కరెంటుతో తెరుచుకునే వాల్వ్) ఆక్సిజన్ కలుపుతుంది. 1.3 బార్ల సెట్‌పాయింట్ (నిలపాల్సిన ఆక్సిజన్ పీడనం) పెడితే డైవ్ అంతా దాని దగ్గరే నిలుపుతుంది. అందువల్ల డీకో కూడా కొంత తగ్గుతుంది. నీళ్ళలో నిశ్శబ్దం. చేపలు దగ్గరికి వచ్చి మొహంలోకి చూస్తాయి. హెర్మీస్ తుపాకి గొట్టం పక్కన అలా ఒక పెద్ద గ్రూపర్ నన్ను చాలాసేపు పరీక్షించింది.

ఇక తప్పు తెలియడం దగ్గరికి వద్దాం. ట్విన్‌సెట్‌తో పోలిస్తే అసలు తేడా ఇక్కడే ఉంది. రీబ్రీదర్‌లో మూడు ప్రమాదాలు: ఆక్సిజన్ తగ్గడం, ఆక్సిజన్ ఎక్కువవడం, కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం. మొదటి రెండూ ముందస్తు హెచ్చరిక లేకుండా స్పృహ తప్పించగలవు. మూడోది హెచ్చరిస్తుంది, కానీ అప్పటికే ఆలోచన మసకబారుతుంది.

సెన్సర్ల సంగతి దగ్గరగా చూపిస్తాను. నా పాత యూనిట్‌లో ఒక ట్రిప్పు ముందు ఉపరితలంలో క్యాలిబ్రేషన్ చక్కగా వచ్చింది. మూడు సెల్స్ ఒకేలా చదివాయి. 6 మీటర్ల దగ్గర ఆగి లూప్‌ని (ఊపిరి తిరిగే గొట్టాల చుట్టుని) స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో కడిగి చూశాను. 1.6 చూపించాలి. రెండు సెల్స్ 1.58 చూపించాయి, మూడోది 1.36 దగ్గర ఆగిపోయింది, ఎంత ఆక్సిజన్ పెట్టినా కదల్లేదు. ముసలిదైపోయింది, అంతకు మించి చదివే ఓపిక లేదు దానికి. పైన చేసిన పరీక్షలో ఇది కనపడదు. ఒక్క సెల్ అయితే పర్లేదు, మిగతా రెండూ ఓటు వేసి దాన్ని పక్కన పెడతాయి. ఒకే బ్యాచ్‌లో కొన్న రెండు సెల్స్ 1.2 దగ్గర అలా ఆగిపోతే? అప్పుడు మెజారిటీ తప్పు వైపు ఉంటుంది. 1.3 ఇంకా రాలేదనుకుని కంప్యూటర్ ఆక్సిజన్ కలుపుతూనే పోతుంది, నిజం చెబుతున్న మూడో సెల్‌ని మతిలేనిదిగా కొట్టిపారేస్తుంది. అందుకే మూడు సెల్స్ ఒకేసారి కొనొద్దు, వేర్వేరు నెలల్లో మార్చండి, ఏడాది దాటాక చూరు పట్టుకుని వేలాడొద్దు.

1998 నుంచి 2010 వరకు రికార్డయిన 181 రీబ్రీదర్ మరణాలని ఆండ్రూ ఫాక్ అనే వైద్యుడు పరిశీలించారు. మామూలు స్కూబాతో పోలిస్తే ప్రమాదం సుమారు పది రెట్లు అని ఆయన అంచనా. అది చదివి భయపడి మానేయమని అనను. కానీ బోనస్ దాచుకున్న తమ్ముడికి ఈ అంకె చెప్పకుండా కంపెనీ పేరు చెప్పడం నాకు మనస్కరించదు.

మూడో దారి: మాన్యువల్ రీబ్రీదర్

ఇందులో సన్నని రంధ్రం గుండా నిరంతరం కొంచెం ఆక్సిజన్ పారుతుంటుంది, మిగతాది మీరు బటన్ నొక్కి కలుపుకోవాలి. కిస్ యూనిట్లు ఈ పద్ధతికి పేరు పడ్డాయి, రెవోలోనూ మాన్యువల్ రకం ఉంది. దీన్ని ఇష్టపడేవాళ్ళు చెప్పే మాట ఒకటే: “చూడకపోతే చస్తావు కాబట్టి చూస్తావు.” ఎలక్ట్రానిక్ యూనిట్ వాడేవాడు కెమెరాలో మునిగిపోయి పది నిమిషాలు డిస్‌ప్లే చూడకపోవచ్చు. మాన్యువల్ వాడేవాడికి ఆ అవకాశం లేదు.

కానీ లోతు ఓడలకి ఒక చిక్కు ఉంది. ఆ రంధ్రం గుండా పారే ఆక్సిజన్ ఒక స్థిరమైన ఒత్తిడితో వస్తుంది. ఒక లోతు దాటాక బయటి నీటి ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ ప్రవాహం నీరసిస్తుంది, చివరికి ఆగిపోతుంది. హెర్మీస్‌కి ఇబ్బంది లేదు. బ్రిటానిక్ లోతుకి సర్దుబాటు చేసుకునే సూది వాల్వో, ఇంకేదైనా మార్పో కావాలి. ఓడ లోపల తాడు చుడుతూ, లైటు పట్టుకుని, బటన్ నొక్కుతూ ఉండటం మరో తలనొప్పి. నా మట్టుకు నేను ఎలక్ట్రానిక్ యూనిట్ పెట్టుకుని, దాన్ని మాన్యువల్‌గా నడపడం ప్రాక్టీస్ చేస్తాను. సెట్‌పాయింట్ 0.7కి దించి, మిగతాది చేత్తో కలుపుకుంటాను. కంప్యూటర్ కాపలా కుక్కలా వెనక ఉంటుంది.

నాలుగోది: సైడ్‌మౌంట్, ఛాతీ యూనిట్లు

వీపు మీద కాకుండా పక్కనో ఛాతీ మీదో కట్టుకునే రీబ్రీదర్లివి. వీటికి ఇప్పుడు మోజు ఎక్కువ. తేలిక, విమానంలో తీసుకెళ్ళడం సులువు, ఇరుకు సందుల్లో దూరవచ్చు. గుహల డైవర్లకి వరం. సముద్రంలో ఓడ మీద, అలల్లో ఊగే పడవ నిచ్చెన ఎక్కుతూ, నాలుగు బెయిలవుట్ సిలిండర్లతో కలిపి వీటిని సర్దుకోవడం నాకైతే చిరాకు. మొదటి యూనిట్‌గా ఇవి వద్దు. సెమీ క్లోజ్డ్ యూనిట్ల (ఊపిరిలో కొంత బయటికి వదిలేసే రకం) గురించి ఒక్క మాట చాలు: హెర్మీస్ దాటాలనుకునేవాడికి అవి దారిలో మజిలీ కూడా కావు.

అసలు లెక్క: యూనిట్ చచ్చిపోతే

రీబ్రీదర్ లూప్‌ని వదిలి మామూలు సిలిండర్ గ్యాస్‌కి మారడాన్ని బెయిలవుట్ అంటారు. మారిన క్షణం నుంచి మీరు ఓపెన్ సర్క్యూట్ డైవర్. పై టేబుల్‌లో చివరి వరస పోయి మూడో వరస అమల్లోకి వస్తుంది. అదీ ఆయాసంతో ఉన్న మనిషికి.

హెర్మీస్ దగ్గర లెక్క వేద్దాం. ఏం జరిగిందో అర్థం చేసుకుని తాడు దగ్గరికి రావడానికి 3 నిమిషాలు, నిమిషానికి 30 లీటర్లు: 3 × 6.3 × 30, అంటే 570 లీటర్లు. అక్కడి నుంచి 21 మీటర్ల దాకా ఎక్కడానికి ఇంకో 420. మొత్తం వెయ్యి లోపే. 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్‌లో 2,200 లీటర్లు ఉంటాయి. 21 నుంచి పైకి 50 శాతం ఆక్సిజన్ ఉన్న రెండో సిలిండర్. రెండు సిలిండర్లతో పని అయిపోతుంది, రెట్టింపు ఆయాసం వచ్చినా కొంచెం మిగులుతుంది.

బ్రిటానిక్ దగ్గర అదే మనిషి, అవే 3 నిమిషాలు: 3 × 13 × 30, అంటే 1,170 లీటర్లు. అక్కడి నుంచి 60 మీటర్లకి రావడానికి సుమారు 7 నిమిషాలు, సగటున 10 బార్లు, కాస్త కుదుటపడి 25 లీటర్లు పీల్చినా 1,750. కలిపితే 2,900 దాటింది. 11 లీటర్ల సిలిండర్ 60 మీటర్లకి చేరకముందే ఖాళీ. అక్కడి నుంచి ఇంకా గంటల డీకో మిగిలే ఉంటుంది.

దీనికి మూడు జవాబులున్నాయి. ఎవరి సిలిండర్లు వాళ్ళు మోయడం 75 మీటర్ల చుట్టుపక్కల దాకా నడుస్తుంది, ఆ తర్వాత మనిషి క్రిస్మస్ చెట్టులా తయారవుతాడు. బృందంగా పంచుకోవడం రెండోది: ముగ్గురు డైవర్లు, ఇద్దరికి సరిపడా గ్యాస్. కాగితం మీద అందంగా ఉంటుంది. ప్రవాహంలో, మసక నీళ్ళలో, వల చుట్టుకున్న దూలాల మధ్య ఒకరు విడిపోతే మీకు కావాల్సిన గ్యాస్‌లో కొంత ఇంకొకడి భుజాన ఎక్కడో ఉంటుంది. మూడోది బెయిలవుట్ రీబ్రీదర్, అంటే రెండో చిన్న యూనిట్ తోడు తీసుకెళ్ళడం. 100 మీటర్లు దాటే అనుభవజ్ఞులు ఇప్పుడు ఎక్కువగా దీని వైపే వెళ్తున్నారు. కానీ ఒక యంత్రాన్నే సరిగ్గా చూసుకోలేనివాడికి రెండో యంత్రం రెండో తలనొప్పి. దిగేటప్పుడు దాని లూప్‌లోకి గ్యాస్ కలపడం మర్చిపోతే నలిగిపోతుంది, సెట్‌పాయింట్ చూసుకోకపోతే లోపల ఏముందో తెలియదు.

బెయిలవుట్ వాల్వ్ (మౌత్‌పీస్ తీయకుండానే సిలిండర్ గ్యాస్‌కి మార్చేది) గురించి నా అనుభవం ఒకటి. తప్పు పూర్తిగా నాదే. ముందు రోజు గంటా పది నిమిషాలు వాడిన సోడాలైమ్‌ని ఇంకో డైవ్‌కి వస్తుందిలే అనుకుని ఉంచేశాను. మర్నాడు హెర్మీస్ పొట్ట పొడవునా ప్రవాహానికి ఎదురు ఈదాను. మొదట ఊపిరి కొంచెం బరువైంది. ఆగితే తగ్గుతుందనుకుని ఒక ఇనుప దూలం పట్టుకుని ఆగాను. తగ్గలేదు. ఆగినా ఆయాసం తగ్గట్లేదంటే అది కార్బన్ డయాక్సైడ్ అని క్లాసులో వందసార్లు విన్నాను, నేనే కొందరికి చెప్పాను కూడా. ఐనా ఇంకో అర నిమిషం “పర్లేదు, పర్లేదు” అనుకుంటూ గడిపాను. అప్పటికి పరిస్థితి ఏమిటంటే, నోట్లోంచి లూప్ తీసి మెడకి వేలాడే రెగ్యులేటర్ పెట్టుకోవాలి, కానీ ఒక్క క్షణం కూడా ఊపిరి బిగపట్టలేను. మౌత్‌పీస్‌లోనే బెయిలవుట్ వాల్వ్ ఉండబట్టి వేలితో ఒక తిప్పు తిప్పాను. అదే సిలిండర్ గ్యాస్, అదే నోరు. రెండు నిమిషాలకి మనిషినయ్యాను. ఆ వాల్వ్ వల్ల మౌత్‌పీస్ బరువు, పీల్చే శ్రమ కాస్త పెరుగుతాయి, వద్దనే అనుభవజ్ఞులూ ఉన్నారు. నేను మాత్రం అది లేని యూనిట్‌తో దిగను. దానితోపాటు, స్పృహ తప్పినా మౌత్‌పీస్ నోట్లోనే ఉంచే పట్టీ కూడా పెట్టుకోండి. ఖర్చు తక్కువ.

దిగేముందు ఐదు నిమిషాలు లూప్‌లో పీల్చి చూస్తే స్క్రబ్బర్ (సోడాలైమ్ ఉండే డబ్బా) బాగుందో లేదో తెలిసిపోతుందని నమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు. కావాలని పాక్షికంగా పాడుచేసిన స్క్రబ్బర్లతో పరీక్షిస్తే ఎక్కువమంది గుర్తించలేకపోయారు. ఆ ఐదు నిమిషాలు సెల్స్ చూసుకోవడానికీ సోలనాయిడ్ వినడానికీ పనికొస్తాయి. సోడాలైమ్ బాగుందో లేదో మీరు రాసిపెట్టుకున్న గంటలే చెప్పాలి.

లోతు మిశ్రమం వాడేవాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. 8 శాతం ఆక్సిజన్ ఉన్న డైల్యూయెంట్ బ్రిటానిక్ దగ్గర ప్రాణం నిలుపుతుంది. పడవ మీదో, నీటి పైనో అదే గ్యాస్‌తో లూప్ కడిగితే కళ్ళు తిరగడానికి కూడా టైమ్ ఉండదు.

మీరు ఎవరు?

| మీ పరిస్థితి | నా సలహా |
|---|---|
| ఏడాదికి రెండు ట్రిప్పులు, లక్ష్యం హెర్మీస్ | ట్విన్‌సెట్, ట్రైమిక్స్. యూనిట్ కొనొద్దు |
| నెలకి రెండు మూడు డైవ్‌లు, సముద్రం దగ్గరే నివాసం | వీపు మీది ఎలక్ట్రానిక్ యూనిట్, బెయిలవుట్ వాల్వ్‌తో |
| లోతు ఓడల ఫొటోగ్రాఫర్ | ఎలక్ట్రానిక్ యూనిట్, కానీ మొదటి 50 గంటలు కెమెరా ఇంట్లో |
| 75 మీటర్లు, చల్లటి నీళ్ళు | ఎలక్ట్రానిక్ యూనిట్, సొంత బెయిలవుట్ అంతా మీ దగ్గరే |
| 100 మీటర్ల పైన | స్థిరమైన బృందం ఉంటేనే. బెయిలవుట్ రీబ్రీదర్‌తో ముందు తక్కువ లోతుల్లో ఒక సీజన్ |

మొదటి వరస చూసి చాలామంది నిరాశపడతారు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తూ, ఏడాదికి రెండు వారాలు సెలవు పెట్టి దిగేవాడికి రీబ్రీదర్ ఎందుకు వద్దంటున్నానంటే, దాని నైపుణ్యం త్వరగా ఆవిరైపోతుంది. ప్రతి ఉదయం గంటసేపు చెక్‌లిస్ట్ చదువుతూ యూనిట్ కూర్చాలి, ఓ-రింగులు తుడవాలి, లీకు పరీక్షలు చేయాలి. సాయంత్రం అందరూ టీ తాగుతుంటే మీరు గొట్టాలు కడుగుతుంటారు. ఏడాదికి ఇరవై డైవ్‌లు చేసేవాడికి ఆ చెక్‌లిస్ట్ ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది. 53 మీటర్లలో 25 నిమిషాలు ట్విన్‌సెట్ ఇచ్చేదే, అది తక్కువ సమయం కాదు.

కోర్సుల్లోనూ దశలున్నాయి. చాలా సంస్థల్లో మొదటి రీబ్రీదర్ కోర్సు గాలి డైల్యూయెంట్‌తో 40 మీటర్ల ప్రాంతం దాకా, రెండోది ట్రైమిక్స్‌తో 60 దాకా, మూడోది 100 దాకా. హెర్మీస్‌కి రెండోది అవసరం. మూడూ పూర్తి చేసినా బ్రిటానిక్ ఇంకా 20 మీటర్ల కింద ఉంటుంది. ఒక్కో దశ మధ్య కనీసం ఒక సీజన్ గడవాలి. ట్విన్‌సెట్ మీద చేసిన ట్రైమిక్స్ అనుభవం ఇందులో వృథా పోదు. బెయిలవుట్ అయినప్పుడు మీరు చేసేది సరిగ్గా అదే కదా.

సామాను, ఊరు, ఖర్చు

యూనిట్ ధర చిన్న కారంత. ఆ తర్వాత ఏటా మూడు సెల్స్, సర్వీసు, కోర్సులు, బెయిలవుట్ సిలిండర్లు, రెగ్యులేటర్లు. సోడాలైమ్ 20 కిలోల డ్రమ్ములో వస్తుంది. ఒక నింపుకి రెండున్నర కిలోలు వేసుకుంటే ఎనిమిది నింపులు. లోతు డైవ్‌లకి రోజూ కొత్తది వేయాలి, ముందు చెప్పినట్టు పొదుపు చేస్తే ఏమవుతుందో చూశాం. విమానంలో తీసుకెళ్తే సెక్యూరిటీ వాళ్ళు తెల్లటి గుళికల సంచీ విప్పి మీ వైపు ఎలా చూస్తారో ఊహించుకోండి. తయారీదారు ఇచ్చే సేఫ్టీ డేటా షీట్ ప్రింట్ పైనే పెట్టుకోండి. సిలిండర్లు ఖాళీగా, వాల్వ్ విప్పి ఉండాలి.

బుక్ చేసేముందు డైవ్ సెంటర్‌కి ఫోన్ చేసి అడగాల్సినవి: హీలియం ఎన్ని సిలిండర్లు స్టాకులో ఉంది, ఆక్సిజన్‌ని 200 బార్ల దాకా ఎక్కించే బూస్టర్ ఉందా, సోడాలైమ్ డ్రమ్ము సీలు విప్పనిదేనా, పడవ మీద అత్యవసర ఆక్సిజన్ ఎన్ని గంటలకి సరిపోతుంది, దగ్గరి రికంప్రెషన్ చాంబర్ (డైవింగ్ జబ్బుకి చికిత్స చేసే ఒత్తిడి గది) ఎక్కడ, ఇప్పుడు పనిచేస్తోందా. చివరి ప్రశ్నకి “ఉంది సార్, ఉంది” అన్న జవాబు చాలదు. ఫోన్ నంబర్ తీసుకుని మీరే ఒకసారి చేయండి. నేను చేసినప్పుడు ఒకచోట మూడు రోజులు ఎవరూ ఎత్తలేదు. ఆ ట్రిప్పు మానుకున్నాను.

తమ్ముడితో ఇవన్నీ మాట్లాడటానికి రెండు గంటలు పట్టింది. చివరికి ఆగస్టులో బట్టికలోవాకి ట్విన్‌సెట్‌తోనే వెళ్దామని తేల్చుకున్నాడు. బోనస్‌లోంచి హీలియంకీ, మంచి బ్యాకప్ లైటుకీ, ఇన్సూరెన్స్‌కీ తీశాడు. మిగిలినదాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశాడట, రెండేళ్ళకి. “అప్పటికి ఏడాదికి యాభై డైవ్‌లు చేస్తుంటే మళ్ళీ ఫోన్ చేస్తా అన్నా” అన్నాడు. నేను నా పాత లాగ్‌బుక్‌లోంచి హెర్మీస్ పేజీలు ఫొటో తీసి పంపాను, ఆ సోడాలైమ్ డైవ్ పేజీ కూడా కలిపి.